పిడికిటి బియ్యం

నాలుగైంది, హార్మోనియం రాలేదు. బుధవారం ఆడవాళ్ళ కూడిక ఎవరింట్లో ఉంటే వాళ్ళింటి ముందు మూడున్నరకల్లా రిక్షాలోంచి హార్మోనియం పెట్టె దిగుతుంది, దాని వెనక పావుగంటకి దాన్ని వాయించే దానమ్మ, దానమ్మ వెనక మిగతా ఆడవాళ్ళంతా, ఇదీ వరస, హార్మోనియం కొన్నప్పట్నించీ, పదకొండేళ్ళుగా, ఇదే వరస. కిందటేడు ఉద్యమంలో గవర్నర్‌పేటంతా కర్ఫ్యూ పెట్టి పోలీసులు వీధి మొగల్లో కాపలా కాసినప్పుడు కూడా వీళ్ళు కొంగులు నెత్తిన కప్పుకుని దొడ్డిదారుల్లో పడి వచ్చారు గాని కూడిక మానలేదు. అలాంటిది ఇవాళేమొచ్చింది? వానా లేదు వరదా లేదు, కాలవలకి నీళ్ళొదిలి నెలన్నా కాలేదు, ఎండ కూడా తగ్గుముఖం పట్టింది. రిక్షావాడికి జ్వరమేమో. చైను తెగిందేమో. దానమ్మకి తలనొప్పేమో, అయినా దానమ్మకి తలనొప్పి రాని వారం ఎప్పుడుందిలే, కణతలకి శొంఠి పట్టు వేసుకుని మరీ వచ్చి వాయించేది కదా. సువార్తమ్మ గుమ్మంలోంచి లోపలికీ, లోపల్నించి గుమ్మంలోకీ తిరుగుతోంది. బడికి మధ్యాహ్నం సెలవు పెట్టి ఇల్లంతా కడిగింది, పక్కింటి శివపార్వతిగార్ని అడిగి తెచ్చిన ఎర్ర జంఖానా పరిచింది, దాని మూల మడత పడితే కూర్చుని సరిచేసింది, లేవగానే మళ్ళీ మడత పడింది. గోడవారగా బియ్యం డబ్బా పెట్టింది. కిరసనాయిలు పొయ్యి మీద టీకి నీళ్ళు పడేసింది, అవి మరిగి మరిగి సగానికొస్తే ఇంకో చెంబు పోసింది. ఇప్పుడు మళ్ళీ మరుగుతున్నాయి. రాకపోవడమేంటి, తన ఇంటి వంతు వచ్చిన రోజున ఒక్కరైనా రాకపోవడమేంటి!

ఆ మాటకేనా? అబ్బే, ఆ మాటకి కాదు. నిజం చెప్పినందుకు మనుషులు ఇల్లు తొక్కడం మానేస్తారా, అదీ ప్రార్థన చేసుకునే మనుషులు? కిందటి బుధవారం దానమ్మ వాళ్ళింట్లో సాక్ష్యాల వేళ. సాక్ష్యాలంటే ఏముంటాయి, పిల్లాడికి జ్వరం తగ్గిందనో, మావారికి ట్రాన్స్‌ఫర్ తప్పిందనో, ఒక్కొక్కరూ లేచి చెప్పడం, చెప్పగానే అందరూ దేవునికి స్తోత్రం అనడం, అంతేగా. కాని ఆ రోజు తలుపు దగ్గర శౌరమ్మ కూర్చుని ఉంది. ఆస్పత్రిలో ఆయా పని చేసుకునే పిల్ల, ఇరవయ్యెనిమిదేళ్ళు, దాన్ని కట్టుకున్నవాడు భిలాయి పోయి, అక్కడ ఇంకోదాన్ని చేసుకున్నాననీ, నీ దారి నువ్వు చూసుకోమనీ ఒక కార్డు ముక్క రాసి పడేసి ఏడేళ్ళు. ఇప్పుడు వడ్రంగం చేసే మంచి మనిషి ఒకడు, పెళ్ళాం పోయినవాడు, దాన్ని చేసుకుంటానని ముందుకొచ్చాడు. పెళ్ళికి ముందు మూడు ఆదివారాలు గుళ్ళో ప్రకటన చదవాలిగా, చదవనన్నారు పాస్టరు అయ్యగారు. మొగుడు బతికుండగా రెండో పెళ్ళేంటమ్మా, పైగా నువ్వు విశ్వాసివి, అన్నారట. సరే, అది అయ్యగారి సంగతి. కాని ఆ బుధవారం పాస్టరమ్మగారు కళ్ళు మూసుకుని ప్రార్థన చేస్తూ చేస్తూ, తప్పుదోవ పట్టబోతున్న ఒక సహోదరి కోసం అని గొంతు పెంచారు. అందరూ కళ్ళు మూసుకునే శౌరమ్మ వైపు తిరిగారు, అదెలా సాధ్యమో గాని తిరిగారు. ఆ పిల్ల తల ఇంకా ఇంకా కిందకి దిగిపోయింది. అంతే, సువార్తమ్మ కాళ్ళు లేచి నిలబడ్డాయి. తను లేవలేదు, ప్రమాణంగా తను లేవాలనుకోలేదు, కాళ్ళే లేచాయి.

"వదిలేసి ఇంకోచోట కాపురం పెట్టినవాడు ఆ రోజే పెళ్ళి తెంచేసుకున్నాడండీ. వాడు తెంచుకుపోయిందాన్ని ఈ పిల్ల జన్మంతా పట్టుకుని కూర్చోవాలని దేవుడు అనడు. దేవుడు కలిపాడు, దేవుడు కలిపాడు అంటాం, మాట తప్పి ఒకడు పోయాక కూడా అది దేవుడు కలిపిందేనా? అలాంటిది దేవుని ఎదుట పెళ్ళే కాదు. శౌరమ్మ మళ్ళీ పెళ్ళి చేసుకుంటే పాపం లేదు. గుళ్ళో చదవకపోతే నా ఇంటి గుమ్మంలో నిలబడి నేను చదువుతాను ప్రకటన. ఇది ఇవాళ పుట్టిన మాట కాదండీ, ఇరవై ఏళ్ళుగా నా గుండెల్లో ఉన్న నమ్మకం."

స్తోత్రం అనలేదు ఎవరూ. దానమ్మ చెయ్యి హార్మోనియం మీదే ఉండిపోయింది, తిత్తిలో ఉన్న గాలి చిన్నగా మూలుగుతూ పోయింది. పాస్టరమ్మగారు కళ్ళజోడు తీసి తుడిచి మళ్ళీ పెట్టుకున్నారు. ఎవరో దగ్గారు. సువార్తమ్మ కూర్చుంది, పక్కన తెరేసమ్మ, ఎప్పుడూ పక్కన తెరేసమ్మే, మోకాలు కొంచెం అటు జరుపుకుంది. చోటివ్వడానికి. చోటివ్వడానికే అనుకుంది సువార్తమ్మ అప్పుడు, ఇప్పుడూ అంతే అనుకుంటోంది. తెరేసమ్మ ఒళ్ళో బియ్యం సంచి ఉంది, దాని తాడు వేలికి చుట్టుకుంటూ విప్పుతూ చుట్టుకుంటూ ఉంది, తలెత్తలేదు. ఆ తర్వాత అందరూ లేచి డబ్బాలో బియ్యం పోసి, వందనాలండీ వందనాలండీ అనుకుంటూ టీ తాగకుండానే వెళ్ళిపోయారు. దానమ్మ చేతి టీ అంటే పడిచచ్చే పాస్టరమ్మగారు కూడా తాగలేదు. శౌరమ్మ ఒక్కతే గుమ్మం దగ్గర ఆగి సువార్తమ్మ చెయ్యి ఒక్క క్షణం పట్టుకుని వదిలేసి పోయింది. ఆ చెయ్యి ఎంత చల్లగా ఉందో!

"ఎందుకొచ్చిన సాక్ష్యమే మనకి?" అన్నాడు మొగుడు జక్కయ్య ఆ సాయంత్రం. ప్రెస్సులో అక్షరాలు పేర్చే మనిషి, ఒక్క అక్షరం తిరగబడితే పేజీ అంతా పాడైపోతుందని రోజంతా భయపడే మనిషి, ఇంటికొచ్చినా ఆ భయం చేతుల్నించి వదలదు. మంచోడే. కొట్టడు, తిట్టడు, తాగడు, పెళ్ళాం జీతం పెళ్ళాం చేతిలోనే ఉండనిస్తాడు. కాని ఏదన్నా అంటే ముందు గోడల కేసి చూస్తాడు. మొన్న ఆదివారం గుళ్ళో ఆడవాళ్ళ వైపు చాప మీద సువార్తమ్మ కూర్చుంటే అటు ఇద్దరు, ఇటు ఇద్దరు పక్క చాప మీదకి జరిగారు. గాలి రావట్లేదని జరిగారులే అనుకుంది. రొట్టె, ద్రాక్షరసం తీసుకోడానికి బల్ల దగ్గరికి పోయేటప్పుడు ముందామె వెనక్కి చూసి, చూసి, కొంగు దగ్గరికి లాక్కుంది. జారిందేమోలే అనుకుంది. ఎన్ననుకుంటావే సువార్తా, ఎన్నని సర్దిచెప్పుకుంటావు? ఆ ఆదివారం తెరేసమ్మ అసలు గుడికే రాలేదు. తెరేసమ్మ వచ్చి ఉంటే పక్కన కూర్చునేది, అందరి మొహాలూ మాడిపోయేవి. ఒంట్లో బాలేదేమో, పోయి చూద్దామనుకుంది సోమవారం, బడి అయ్యేసరికి ఆలస్యమైంది, మంగళవారం ఇల్లు సర్దుకోవడమే సరిపోయింది. సరే, ఇవాళ ఎలాగూ వస్తుంది. పాస్టరమ్మగారు రాకపోనీ, దానమ్మ రాకపోనీ, హార్మోనియం లేకపోతే గొంతులు లేవా? తెరేసమ్మ వస్తే చాలు. ఇద్దరూ ఎర్ర జంఖానా మీద ఎదురుబొదురుగా కూర్చుని పాట పాడుకుంటారు, అదే కూడిక.

ఇరవయ్యారేళ్ళ స్నేహం, బందరు ట్రైనింగు స్కూల్లో ఒకే గది, ఒకే పెట్టె మీద ఇద్దరి పేర్లు, ఒకే కొబ్బరినూనె సీసా. కూచిపూడి అవతల చిన్న ఊరు తెరేసమ్మది, ఆర్‌సీఎం, అంటే రోమన్ కాథలిక్కుల ఇంటి పిల్ల, మొదటి రోజు పడుకునేముందు శిలువ గుర్తు వేసుకుంటుంటే సువార్తమ్మ కిసుక్కున నవ్వింది, ఆ పిల్ల దిండు తీసుకుని ఒక్కటిచ్చింది, అక్కణ్ణించి ఏమే అంటే ఏమే, పోవే అంటే పోవే. పాఠం చెప్పడంలో ఆ బ్యాచిలో తెరేసమ్మని మించినవాళ్ళు లేరు. సుద్దముక్కతో బోర్డు మీద పిట్టని గీస్తే పిల్లలు దాన్ని పట్టుకోడానికి లేచేవాళ్ళు. తనకేమో చేతిరాత తప్ప ఏమీ రాదు, తను ఇవాళ టీచరుగారు, తెరేసమ్మ సుద్దముక్క పట్టి ఎన్నేళ్ళయిందో. ఏసుపాదం పెళ్ళవగానే ఉద్యోగం వద్దన్నాడు. ఈ సంఘంలోకి మారమన్నాడు, మారింది. బస్సు డ్రైవరు, గుడివాడ రూటు, ఖాకీ బట్టల్లో ఏం కళగా ఉండేవాడు. గుడివాడలో ఇంకో ఇల్లుందని తెలిసిందాకా. అక్కడా పిల్లలు. ఇక్కడ శనివారం రాత్రి దిగుతాడు, ఆదివారం గుళ్ళో ముందు బెంచీ, మధ్యాహ్నం కోడికూర, సోమవారం పొద్దున్నే డ్యూటీ. అందరికీ తెలుసు. పాస్టరమ్మగారికి తెలుసు, దానమ్మకి తెలుసు, గుడి ముందు బఠాణీలమ్మే ముసలాయనకి కూడా తెలుసు. ఎవరూ ఏమీ అనరు. తెరేసమ్మ ముందు గుడివాడ అనే ఊరి పేరు కూడా ఎత్తరు, ఎటెళ్ళొచ్చావంటే అటేపు వెళ్ళొచ్చాం అంటారు.

"ఏమండీ టీచరుగారూ, ఇవాళ మీ పాటల్లేవా?" పిట్టగోడ మీదుగా శివపార్వతిగారు. తలంటుకున్న జుట్టు ఆరబెట్టుకుంటూ నవ్వుతోంది, పాపం మంచి మనసుతోనే అడిగింది, ప్రతి కూడికకీ ఆ గోడ దగ్గరే నిలబడి పాటలన్నీ వింటుంది. "కాస్త ఆలస్యమండీ," అంది సువార్తమ్మ. ఛీ, ఎంత సునాయాసంగా వచ్చింది అబద్ధం! "మా జంఖానా చాలిందా?" అంది ఆవిడ. చాలిందండీ. చాలక చస్తుందా, దాని మీద మనిషంటూ కూర్చుంటేగా.

పుట్టడం మాత్రం ఎక్కడ పుట్టిందో స్పష్టంగా తెలుసు సువార్తమ్మకి, ఆ ఇరవై ఏళ్ళ నమ్మకం. గన్నవరం అవతల అమ్మమ్మగారి ఊరు, మాణిక్యమ్మ పిన్ని. పిన్ని మొగుడు పిన్నిని పుట్టింట్లో దింపేసి మళ్ళీ రాలేదు, ఆరేళ్ళు చూసింది, తర్వాత పొగాకు కాల్చే బ్యారన్‌లో పనిచేసే ఒకాయనతో వెళ్ళి ఉంది. తాళీ లేదు, ఉంగరం లేదు, ప్రకటన లేదు. ఆయన పిన్నికి రోజూ పొద్దున్నే నీళ్ళు తోడిచ్చేవాడు. అది చూసింది సువార్తమ్మ కళ్ళారా, ఒక మగాడు ఆడదానికి నీళ్ళు తోడివ్వడం, ఆ ఊళ్ళో ఎవరూ అలా తోడివ్వగా చూడలేదు. సంఘం పిన్ని పేరు కొట్టేసింది. కాన్పు కష్టమై పిన్ని పోతే సమాధుల తోటలో చోటివ్వం అన్నారు. ఉంచుకున్నదానికి ఇక్కడ చోటు లేదన్నారు పెద్దలు, వాళ్ళలో అమ్మానాన్నా కూడా ఉన్నారు, తలలొంచుకుని. కాలవ గట్టున తవ్వారు. నీళ్ళూరే నేల, తవ్వేకొద్దీ గుంటలో బురద నీళ్ళు, ఆయన గుంటలోకి దిగి చేతులతో నీళ్ళు తోడిపోస్తున్నాడు, అప్పుడూ నీళ్ళే తోడుతున్నాడు. సువార్తమ్మకి ఇరవైనాలుగేళ్ళు అప్పటికి. ఆ గట్టు మీద నిలబడి అనుకుంది, ఇదిగో ఈయనే పిన్ని మొగుడు, దింపేసి పోయినవాడు కాదు, దేవుడికి ఈ సంగతి తెలుసు. అంత తేటగా మరే సంగతీ ఆమెకి ఈ జన్మలో తెలియలేదు. తెలిసింది గాని నోటితో చెప్పలేదు. ఎవరికీ చెప్పలేదు. పెళ్ళయ్యాక ఒక్క జక్కయ్యకి ఒకసారి చెబితే ఇటూ అటూ చూసి దీపం తగ్గించాడు.

నాలుగున్నర దాటి ముప్పావైంది. మళ్ళీ ఇంకో చెంబు నీళ్ళు పోసింది. బియ్యం డబ్బా మూత తీసి చూసింది, మొన్ననే పంచేశారు కాబట్టి అడుగున నాలుగు గింజలున్నాయి. తన సంచిలో బియ్యం పోసింది, గలగలమన్నాయి. రెండు పూటలా ఎసట్లో బియ్యం పోసేముందు ఒక పిడికెడు తీసి సంచిలో వెయ్యడం, వేస్తూ ఒకరి పేరు చెప్పి వాళ్ళ కోసం ప్రార్థించడం, బుధవారం అందరూ తెచ్చి డబ్బాలో పొయ్యడం, నెలాఖరుకి కాలవ గట్టు మీద ఆధారం లేని ముసలివాళ్ళకి పంచడం. పుట్టినప్పట్నించీ అమ్మ చెయ్యి అలా తియ్యడం చూసింది, తన చెయ్యి కూడా అలాగే తీస్తుంది, ఆలోచన కూడా అక్కర్లేదు. తెరేసమ్మకి ఆ అలవాటు లేదు, వాళ్ళలో లేదట, తనే నేర్పింది. ఎప్పుడు నేర్పిందీ? ఆ, తెరేసమ్మకి ఏసుపాదం సంగతి తెలిసినప్పుడు. కష్టం వస్తే మొదట నా గుమ్మమే తొక్కింది కదా, అనుకుంది సువార్తమ్మ, ఆ తలపు వేడి టీలా లోపలికి దిగింది. మధ్యాహ్నం మూడింటప్పుడు, ఏడాది పిల్లని చంకనేసుకుని, చెప్పుల్లేకుండా వచ్చింది, కాళ్ళు బొబ్బలెక్కి. వెళ్ళిపోతానే, మా నాన్న కబురు పెట్టాడు, మా ఊరి బళ్ళో పోస్టు ఖాళీగా ఉందంట, నాకు చదువుంది, నా పిల్లని నేను సాక్కోలేనా, ఏమంటావే? అని అడిగింది. ఎంత ధైర్యం చెప్పింది తను ఆ రోజు! ఒళ్ళో పడుకోబెట్టుకుంది, కాళ్ళకి వెన్న రాసింది. ఓర్చుకోవే, గడప దాటితే మళ్ళీ ఎక్కనివ్వరు, నీ పెళ్ళి దేవుడు చేసింది, ఆయనే నిలబెడతాడు, పిడికెడు బియ్యం తీసినప్పుడల్లా నీ మొగుడి పేరు చెప్పి వెయ్యి, ఏదో ఒక రోజు మనసు మారి వస్తాడు చూడు, అంది. తెరేసమ్మ కళ్ళు తుడుచుకుని వెనక్కి పోయింది. ఆ సాయంత్రమే సంచి కుట్టించుకుంది. నా మాట మీద నిలబడింది, అనుకుంది సువార్తమ్మ, అలాంటి స్నేహం ఎవరికుంది ఈ సంఘంలో, చెప్పమను.

అయిదు కొట్టేసరికి గాలి మళ్ళింది, మళ్ళిన గాలిలో హార్మోనియం వినిపించింది.

మొదట తమ సందులోకే వస్తోందనుకుని చెంగున గుమ్మంలోకి పరిగెత్తింది. సందు ఖాళీ. వినిపించేది అవతలి వీధిలోంచి, పాస్టరుగారి పెంకుటింట్లోంచి. రిక్షావాడికి జ్వరం రాలేదు, చైనూ తెగలేదు, దానమ్మకి తలనొప్పీ లేదు. కూడిక జరుగుతోంది. ఆమె వంతు వచ్చిన బుధవారం, ఆమె ఇల్లు కడుక్కుని జంఖానా పరుచుకుని కూర్చుంటే, ఆమెకి ఒక్క ముక్క చెప్పకుండా, అవతలి వీధిలో, పోనీ దూరంగానా, పాట వినిపించేంత దగ్గర్లో. అమ్మో, అమ్మో! చెంప పగలగొట్టినా ఇలా ఉండదేమో. తన పురుళ్ళకి వచ్చినవాళ్ళు, తను ఎవరి పిల్లలకి అక్షరాలు దిద్దించిందో, ఎవరి అత్తలకి ఒంట్లో బాలేకపోతే జావ కాచి పోసిందో వాళ్ళు, ఎవరైనా సరే ఒక్కరు తలుపు కొట్టి నువ్వన్నది తప్పు సువార్తమ్మా అని మొహం మీద అనొచ్చుగా. పోట్లాడొచ్చుగా. ఏమీ అనకుండా హార్మోనియం మళ్ళించేశారా? పైగా ఆ పాట. ఎప్పుడూ తను ఎత్తుకునే పాట, మొదటి చరణం తనది, ఇప్పుడు ఎవరో ఎత్తుకున్నారు, తప్పు శ్రుతిలో. ఆమె చెవి ఒగ్గింది. ఒక్కో గొంతూ విడదీసి వింటోంది. ఇది పాస్టరమ్మగారిది. ఇది దానమ్మది, ముక్కుతో. తెరేసమ్మ గొంతేది? తెరేసమ్మ చరణం చివర పైకి లాగుతుంది, అందరూ ఆపేశాక కూడా ఒక్క క్షణం మిగిలి ఉంటుంది ఆ లాగుడు. పల్లవి అయింది. చరణం చివరికొచ్చారు. ఆపారు. ఏమీ మిగల్లేదు. లేదు! అక్కడ లేదు తెరేసమ్మ! సువార్తమ్మకి ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. దేవా, నీకు స్తోత్రం, నాకు తెలుసు, నాకు తెలుసు అది వెళ్ళదని.

సందు మలుపులో తెల్ల చీర కనిపించింది. తెరేసమ్మే. చేతిలో సంచి. గబగబా రాదు ఎప్పుడూ, ఇవాళ మరీ నెమ్మదిగా వస్తోంది, గోడవారగా.

"రావే, రా, నువ్వొస్తావని నాకు తెలుసు," అంటూ సువార్తమ్మ మెట్టు దిగింది. "వాళ్ళంతా అక్కడ చేరారు, విన్నావా? పోనీ పాడుకోనీ. రా, టీ ఉంది."

"కూర్చోడానికి రాలేదండీ," అంది తెరేసమ్మ.

అండీ ఏంటి? ఇరవయ్యారేళ్ళలో ఎన్నడూ లేనిది అండీ ఏంటే పిచ్చిదానా అని నవ్వబోయి సువార్తమ్మ దాని మొహం చూసి ఆగిపోయింది. వారం రోజులుగా నిద్ర లేని మొహం. ఏడ్చిన మొహం కాదు, ఏడుపు అయిపోయాక ఉండే మొహం. చెప్పులు విడవలేదు. మెట్టు కిందే నిలబడింది.

"ఒక్క మాట అడిగి పోతాను. ఆ నమ్మకం ఇరవై ఏళ్ళుగా నీ గుండెల్లో ఉందన్నావు కదా. మాటవరసకన్నావా, నిజంగా ఇరవయ్యేనా?"

"నిజంగానే. మాణిక్యమ్మ పిన్ని పోయినప్పట్నించీ," అంది సువార్తమ్మ, ఆ మాట అంటున్నప్పుడు కూడా గొంతులో కొంచెం గర్వముంది, అది ఆమెకే వినిపించింది.

తెరేసమ్మ తలూపింది. లెక్క సరిపోయినట్టు కాదు, ఎక్కడో సరిపోకూడదని కోరుకున్నట్టు.

"నా పెద్దపిల్లని చంకనేసుకుని నీ గడపకొచ్చింది పద్దెనిమిదేళ్ళ కిందట. అప్పటికే ఉంది నీ దగ్గర. శౌరమ్మకి పదిమందిలో లేచి చెప్పావు. ఆ రోజు గదిలో మనిద్దరమే ఉన్నాం, నాకెందుకు చెప్పలేదే?"

సువార్తమ్మ నీ గురించి కాదే అందామనుకుంది, అది జవాబు కాదు. ఆ రోజుల్లో పరిస్థితులు వేరు అందామనుకుంది, అదీ కాదు. ఆ మధ్యాహ్నం వచ్చి కళ్ళ ముందు నిలబడింది, ఇంతసేపూ తలుచుకుని మురిసిన మధ్యాహ్నం కాదు, అసలుది. ఒళ్ళో తెరేసమ్మ తల ఉంది. వంటింటి తలుపు సందులోంచి జక్కయ్య, వేలితో పిలిచి, గుసగుసగా, వాళ్ళ కాపురంలో నువ్వు వేలు పెట్టావో రేపది వెళ్ళిపోతే సంఘమంతా నీ మీద పడుద్ది, నువ్వే చెప్పావంటారు, మనల్ని వెలేస్తారు. వెనక్కొచ్చి కూర్చుంది. కాళ్ళకి వెన్న రాసింది. రాస్తుంటే కాలవ గట్టు కనిపించింది, బురద నీళ్ళు కనిపించాయి, వెళ్ళిపోవే తల్లీ, అది పెళ్ళి కాదు, దేవుడు నిన్నేమీ అనడు, అన్న మాట గొంతు దాకా వచ్చింది. నిజంగా వచ్చింది. మింగేసింది. మింగి, ఓర్చుకోవే, అంది. తెలిసి అంది. తను నమ్మనిది తన స్నేహితురాలికిచ్చి, నమ్మింది తన దగ్గర దాచుకుంది, దాచుకుని పద్దెనిమిదేళ్ళు ప్రతి బుధవారం పక్కన కూర్చుని పాటలు పాడింది.

"చెబితే వెళ్ళిపోయేదాన్నే," అంది తెరేసమ్మ. గొంతు పెంచలేదు. "నువ్వొక్కదానివి తప్పు లేదంటే చాలని వచ్చాను ఆ రోజు. తప్పు లేదని మా నాన్న అన్నాడు, నేను నమ్మలేదు. అయ్యగారు వద్దన్నారు, దాన్నీ నేను పట్టించుకోలేదు. సువార్త ఏమంటే అదే అనుకుని వచ్చాను."

అవతలి వీధిలో పాట అయిపోయింది. ఎవరో ప్రార్థన మొదలుపెట్టారు, మాటలు తెలియడం లేదు, చివర అందరూ స్తోత్రం అన్నది మాత్రం స్పష్టంగా వినిపించింది. తెరేసమ్మ చేతిలో సంచి చాపింది. సువార్తమ్మ అలవాటుగా రెండు చేతులూ పట్టింది. సంచికి బరువు లేదు.

"ఈ వారం తియ్యలేదు. రెండు పూటలా గిన్నెలో చెయ్యి పెడుతున్నాను, ఆయన పేరు నోటికి రావట్లేదు. వేరే పేరు ఎవరిది చెప్పుకోవాలో తెలియట్లేదు. సంచి నువ్వు నేర్పిందే కదా, నీ దగ్గరే ఉండనియ్యి."

వెనక్కి తిరిగింది. వచ్చినంత నెమ్మదిగానే పోతోంది, గోడవారగా, ఒక చెయ్యి గోడకి ఆనించుకుంటూ. పిలవాలి. పరిగెత్తి పట్టుకోవాలి. కాళ్ళు, కిందటి వారం వాటంతట అవే లేచిన కాళ్ళు, ఇవాళ మెట్టు దిగలేదు. తెల్ల చీర మలుపు తిరిగింది. సందులో ఎవరూ లేరు. అప్పుడు వచ్చింది మాట, పద్దెనిమిదేళ్ళు ఆగి, అడిగిన మనిషి వెళ్ళిపోయాక.

"భయమేసిందే," అంది సువార్తమ్మ పైకే.

"దేనికండీ భయం?" పిట్టగోడ మీదుగా శివపార్వతిగారు తొంగిచూసింది. "ఏమొచ్చిందండీ, పామేమన్నా వచ్చిందా?"

సువార్తమ్మ తలుపులోంచి లోపలికి చూసింది. పొయ్యి మీద నీళ్ళు ఇగిరిపోయి గిన్నె మాడు వాసన వస్తోంది. బియ్యం డబ్బా మూత తీసే ఉంది. మధ్యలో ఎర్ర జంఖానా, గోడ నించి గోడ దాకా, మూల మడతపడి, దాని మీద ఒక్క మనిషి లేదు. వెలేస్తే ఇల్లు అచ్చం ఇలాగే ఉంటుందని ఊహించుకుంది ఆ రోజు, తెరేసమ్మ కాళ్ళకి వెన్న రాస్తూ.

"దానికేనండీ," అంది లోపలికి చూపించి. శివపార్వతిగారు అటు చూసి, తన జంఖానా తప్ప అక్కడేమీ కనిపించక, అర్థంగాక నిలబడిపోయింది.